ముంపునాటి పొత్తు

కోనసీమవారికి 2022వ సంవత్సరమున రెండు నెలల యెడముతో రెండు ఆపదలు వచ్చినవి. మొదటిది మనుష్యులు తెచ్చిపెట్టుకొన్నది. రెండవది గోదావరి తెచ్చినది. ఆ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచిన నాటినుండి, ఈ కలతకాలమున మనుష్యునికి ఆశ యెచ్చటినుండి వచ్చునను ప్రశ్నకు సమాధానము మన యేటిగట్టుమీదనే యున్నదని నాకు తోచుచున్నది.

ఆ యేడు ఏప్రిల్ 4న రాష్ట్రమునందలి జిల్లాలు 13 నుండి 26 అయినపుడు, అమలాపురము ముఖ్యపట్టణముగా కోనసీమ జిల్లా అవతరించెను. మే 18న ఆ జిల్లా పేరునకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ నామమును చేర్చుటకై ప్రభుత్వము ప్రాథమిక ప్రకటన వెలువరించి, అభ్యంతరములు తెలుపుకొనుటకు 30 దినముల గడువిచ్చినది. ఆ గడువు మూడు వారములకు పైగా మిగిలియుండగనే, మే 24న అమలాపురమున నిరసనకై బయలుదేరిన జనసమూహము అదుపుతప్పి, ఒక మంత్రి ఇంటికిని, ఒక శాసనసభ్యుని ఇంటికిని నిప్పుపెట్టుటయు, బస్సులు దగ్ధమగుటయు, రాళ్ళదెబ్బలకు పోలీసులు గాయపడుటయు, పట్టణమంతయు నిషేధాజ్ఞలక్రింద మూగవోవుటయు జరిగినవి. జూన్ 24న మంత్రివర్గము ఆ పేరు నామోదించెను. నేడు జిల్లా ఆ పేరుతోనే పిలువబడుచున్నది. పేరు స్థిరపడెను గాని, ఆనాడు ఊరికిని దళితుల పేటకును నడుమ పెరిగిన యెడము గెజెటు ప్రకటనతో పూడునది కాదు. మొన్నటివరకు ఒకే బడ్డీయొద్ద టీ త్రాగినవారు మాట తడబడి, చూపు తప్పించుకొని పోవుట ఎంత బాధాకరమో, చిన్న ఊళ్ళలో బ్రతికినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

జులై మధ్యమున గోదావరికి వరద వచ్చెను. ధవళేశ్వరము ఆనకట్టమీదుగా 25 లక్షల క్యూసెక్కులకు పైబడిన నీరు దిగువకు పారినది. 1986 ఆగస్టునాటి 35 లక్షల వరదను కన్నులార చూచిన పెద్దలకు ఇది చిన్నదే కావచ్చును. కాని ఏటినడిమి లంకలో ఇంటి అరుగుమీదికి నీరెక్కినవానికి ఈ తారతమ్యములతో పనిలేదు.

వరదకాలమున లంకలలో జీవితమెట్లుండునో వెలుపలివారికి అంతగా తెలియదు. నీరు మొదట పల్లపుచేలలోనికి దిగును. పిమ్మట కాజ్‌వే మునుగును. అది మునిగిన క్షణమునుండి లంకకును ఊరికిని పడవ యొక్కటే దారి. పశువులను ముందుగా ఏటిగట్టుమీదికి తోలుదురు. అచ్చట గుంజ పాతుటకు జానెడు జాగా దొరకుటయే గగనము. ఒకని గేదెప్రక్కన వేరొకని ఆవు, దాని ప్రక్కన మరియొకని మేకలు, వాని నడుమ టార్పాలిన్ పట్టాక్రింద మూడిటుకల పొయ్యి, పొయ్యిమీద ఎసరు. ఆ ఎసటిలో పోసిన బియ్యము ఏ యింటివో, గంటె త్రిప్పుచేయి ఏ వీధిదో విచారించు తీరిక అచ్చట ఎవరికిని ఉండదు. తడవని గడ్డిమోపు ఎవరియొద్ద మిగిలిన, చుట్టుప్రక్కల పశువులన్నిటికిని అందులో పాలుండును. నిండుచూలాలిని రాత్రివేళ ఆసుపత్రికి చేర్చవలసివచ్చినపుడు, సుడులెచ్చట నుండునో ఎరిగి తెడ్డుపట్టగలవాడే ఆ గట్టుమీద పెద్దమనిషి. వాని కులమడుగుటకు నోరురాదు.

ఈ పొత్తునే నమ్ముకొని యుండవచ్చునా? ఇక్కడ ఒక మాట దాచరాదు. వరద తీసి, చేలలో ఒండ్రు ఎండునప్పటికి ఆ పొత్తుకూడ ఎండిపోవుట కలదు. నష్టపరిహారపు జాబితాకై కాగితము వచ్చుటే తడవుగా, ఎవరి పేరు చేరినది, ఎవరి పేరు తప్పిపోయినది అను తగవు తలయెత్తును. ఆపదలో కలిసినవారు ఆపద తీరగనే విడిపోవుట లోకమంతట కనబడునదే. కావున వరద మనలను కలుపునని సంతోషించి ఊరకుండరాదు. నీరు లేనప్పుడుకూడ ఆ కలయిక నిలుచుటకు ఏమి కావలెనో ఆలోచింపవలెను.

అట్టి కలయిక నీరు లేనప్పుడును కనబడు చోటొకటి కలదు. అమలాపురమునుండి ముమ్మిడివరము మీదుగా యానాము వైపు పోవు 216వ నంబరు జాతీయ రహదారి మార్గమున, వృద్ధగౌతమీతీరమందు, మురమళ్ళ యను గ్రామము కలదు. ఐ.పోలవరము మండలములోని ఈ యూర వెలసిన భద్రకాళీసమేత వీరేశ్వరస్వామికి ప్రతిదినము కల్యాణము జరుగును. అనేకక్షేత్రములందు ఏటికొకసారి మహోత్సవముగా జరుగునది ఇచ్చట నిత్యవిధి. సంబంధములు కుదురక వయసు మీరుచున్న యువకులు, కుమార్తె పెండ్లికై బెంగగొన్న తల్లిదండ్రులు, తెలుగునాటి నలుమూలలనుండి ముందుగా పేర్లు నమోదు చేసికొని, తమకు వచ్చిన తేదీకి ఇక్కడికి చేరి, స్వామి కల్యాణమునకు తామే కర్తలై పీటలమీద కూర్చుందురు. ఏ యూరివారైనను, ఆ పూట వారు స్వామివారి పెండ్లిపెద్దలు.

ఆ మొక్కు ఫలించుట, ఫలింపకుండుట విశ్వాసమునకు సంబంధించిన విషయము. దానినిగూర్చి నేను వాదింపను. నా మనస్సు నాకర్షించునది వేరొకటి. పెండ్లి కాని బిడ్డ ఇంటనుండుట మన సంఘములో తల్లిదండ్రులు నలుగురిలో చెప్పుకొనలేని దిగులు. చుట్టాల పెండ్లిండ్లకు పోవుట మానుకొందురు; ఎవరైన ‘ఇంకా ఏమీ కుదరలేదా?’ యని యడుగుదురేమోయని వీధిగుమ్మమున నిలువరు. అట్టి దిగులు మురమళ్ళ మండపమున నోరువిప్పును. వరుసలో నిలిచిన ఇద్దరు తల్లులలో ఒకామె ‘ఏ వూరండీ మీది? అమ్మాయిగారి కోసమాండీ, అబ్బాయిగారి కోసమాండీ?’ అని యడుగును. రెండవ యామె తడుముకొనక చెప్పును; ఏలయన అక్కడికి వచ్చినవారందరి బెంగయు నదియే. ఇంట దాచుకొన్న దానిని ఇచ్చట దాచుకొనవలసిన పనిలేదు. సంకల్పమున గోత్రనామములు చదువునపుడు, ఎన్నడును ఎరుగని కుటుంబపు పేరు విని, ఆ బిడ్డకుకూడ మేలు కలుగవలెనని ప్రక్కవారు చేతులు మోడ్తురు. పూలు గ్రుచ్చినవారు, మంగళవాద్యము పలికించువారు, తలంబ్రాలు కలిపినవారు, అందరును తమకు బంధుత్వములేని ఒక యింటి శుభమునకై ఆ పూట పనిచేయుదురు. మరునాడు కర్తలు మారుదురు; పని మారదు. ఆశ అనునది నేనెరిగినంతలో ఈ తీరుననే పుట్టుచున్నది: ముందుగా మనస్సులో ఆశ కలిగి, దానితో మనుష్యులు కలియుట కాదు, నలుగురు ఒకచో కూడి ఒక పనిలో చేయి పెట్టినపిమ్మట, తమకు తెలియకయే, వారికి రేపటిమీద నమ్మకము కలుగుచున్నది.

అయితే ఈ పీటలు ఒకనాడు అందరివి కావు. మద్రాసు రాష్ట్రమునందలి దేవాలయద్వారములు 1947నాటి ఆలయప్రవేశశాసనమువలన గాని అందరికిని చట్టముచే తెరువబడలేదు. అంతవరకు పూలు పెంచినవాడు, డోలుకు తోలు సమకూర్చినవాడు వెలుపలనే నిలిచియుండెను. కలిసియుండుటను పొగడునపుడు ఈ చరిత్రను మరచినచో, ఆ పొగడ్త సగము అసత్యమగును.

మురమళ్ళకు చేరువనే యెదుర్లంక కలదు. ఆ యూర 1951లో ఒక దళితకుటుంబమున జన్మించిన గంటి మోహనచంద్ర బాలయోగి, 1991లో అమలాపురము నియోజకవర్గమునుండి లోకసభకు ఎన్నికై, 1998 మార్చిలో లోకసభాధ్యక్షపదవి నలంకరించెను. ఆ పీఠము నధిష్ఠించిన తొలి దళితుడాయనయే. 1999లో సభ మరల ఆయననే ఎన్నుకొన్నది. 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదమున మరణించెను. పూర్వము యెదుర్లంకనుండి ఆవలియొడ్డునున్న యానాము పోవలెనన్న పంటు ఎక్కి గౌతమిని దాటవలసియుండెను. గాలివానలో పంటు నిలిచిన, ప్రయాణమును నిలిచిపోవును. నేడచ్చట వంతెన కలదు. దానికి బాలయోగి పేరు పెట్టబడినది. ఆ వంతెనమీదుగా ప్రతిదినము కాకినాడ పోవు రోగులు, విద్యార్థులు, కొబ్బరిలారీలు, పెండ్లిబస్సులు పోవుచున్నవి. ఆ పేరు చదివి ఎవరును దారి మార్చుకొనరు.

ఒక దళితనాయకుని పేరు వంతెనకుంచినపుడు ఇంపైనది, మరియొక దళితనాయకుని పేరు జిల్లాకుంచినపుడు కొందరికి కంటగింపగుటకు కారణమేమి? రాజకీయములున్నవి, కులాభిమానములున్నవి, యువకుల నిరుద్యోగమును, వాట్సాపులో వ్యాపించిన వదంతులును ఉన్నవి. కాని నాకు తోచు కారణము మరియొకటి కలదు. బాలయోగిని ఇక్కడివారు ఎరుగుదురు. ఆయన తిరిగిన గట్లను, మాటలాడిన యాసను ఎరుగుదురు. అంబేద్కరును మనలో అనేకులు విగ్రహమునందే చూచిరి. ఆయన తమకుకూడ ఏమి చేసెనో వారికెవరును చెప్పలేదు. గోదావరికి వరద వచ్చునపుడు భద్రాచలమున నీటిమట్టమెంత, ధవళేశ్వరమునకు ఎన్నిగంటలలో చేరును అని ముందుగా లెక్కకట్టి హెచ్చరించు కేంద్ర జలసంఘము 1945లో ఏర్పడినది. అప్పుడు వైస్రాయి కార్యనిర్వాహకమండలిలో కార్మికశాఖతోపాటు నీటిపారుదల, జలమార్గముల విషయములనుగూడ చూచుచు, ఆ సంస్థకు పునాదివేసినవాడు అంబేద్కర్. ఆ హెచ్చరిక వినియే కదా లంకవాసులందరు, ఏ కులమువారైనను, తమ పశువులను గట్టెక్కించుచున్నారు! ఈ సంగతి మన పాఠశాలలలో, గ్రామసభలలో, అరుగులమీద ఎవరైన చెప్పియుండినచో, 2022 మే మాసమున ఆ నిప్పు అంత తేలికగా అంటుకొనియుండెడిది కాదని నేను గట్టిగా నమ్ముచున్నాను.

యెదుర్లంక వంతెననుగూర్చి చెప్పి పశువుల్లంకనుగూర్చి చెప్పకుండుట న్యాయముకాదు. అదియు ఐ.పోలవరము మండలములోనిదే. 2018 జులై 14న, బడిపిల్లలతో గౌతమిపాయను దాటుచున్న పడవ, కట్టుచున్న వంతెన స్తంభమునకు తాకి తలక్రిందయ్యెను. చుట్టుప్రక్కలవారు తమ పడవలతో, ఈతతో పలువురిని ఒడ్డునకు చేర్చిరి; కొందరు పిల్లలను ఏరు తీసికొనిపోయెను. వంతెన పూర్తియైనచో ఆ పిల్లలు నడిచియే యిల్లు చేరెడివారు. ఊరంతయు కూడి అడుగవలసినది అడుగనిచో, అడిగినను పదిమందియు ఒక్కమాటమీద నిలువనిచో, దాని మూల్యము చెల్లించువారు ఇట్టి పసివారు.

కోనసీమ ఇంతకన్న పెద్ద విపత్తును 1996లో చూచినది. ఆ నవంబరు 6న తీరము దాటిన తుఫానునకు వెయ్యిమందికి పైగా ప్రాణములు పోయినవి. భైరవపాలెము, బలుసుతిప్ప వంటి మత్స్యకారగ్రామములనుండి సముద్రముమీదికి పోయిన అనేకులు తిరిగిరాలేదు. కొబ్బరిచెట్లు లక్షల సంఖ్యలో నేలకొరిగినవి. చెట్టు పోయిన తోటయజమాని నష్టపోయినమాట నిజమే. కాని ఆ చెట్టెక్కు దింపుకూలీకి, కాయ యొలుచు ఒలుపుకూలీకి, ఆకుచీపురులు కట్టి అమ్ముకొను ముసలమ్మకు, పీచు నేయు ఆడకూతురికి కూడ ఆ చెట్టే జీవనాధారము. నాటురకపు మొక్క పెట్టిన, కాపునకు రావలెనన్న ఆరేడేండ్లైనను పట్టును. అంతకాలము ఎవరు ఎవరికి అప్పిచ్చిరి, ఎవరు ఎవరి పిల్లలను బడిమానకుండ చూచిరి అను వృత్తాంతము ఏ ప్రభుత్వ నివేదికలోను ఉండదు. అయినను ఆ తోటలు మరల లేచినవి. నేడు మనము నీడన నిలుచు చెట్లలో పెక్కు ఆ తుఫాను పిమ్మట నాటినవే.

ఇట్టి విషయములను శాస్త్రీయముగా పరిశీలించినవారును లేకపోలేదు. డేనియల్ ఆల్‌డ్రిచ్ అను అమెరికా పండితుడు 1923నాటి టోక్యో భూకంపము, 1995నాటి కోబే భూకంపము, 2004లో తమిళనాడు తీరమును ముంచిన సునామీ, 2005లో న్యూఆర్లియన్స్‌ను ముంచిన తుఫాను, ఈ నాలుగింటి పిదప జనము తేరుకొన్న తీరును పోల్చి, 2012లో ఒక గ్రంథము ప్రకటించెను. విపత్తు పిమ్మట ఒక ఊరు త్వరగా లేచుటకు ధనసహాయముకన్నను, నష్టతీవ్రతకన్నను, ఆ యూరివారికి ఒకరితో నొకరికిగల రాకపోకలు, పరస్పరవిశ్వాసము ఎక్కువ తోడ్పడునని ఆయన నిరూపింప యత్నించెను. అయితే ఆ గ్రంథములోనే, మనము శ్రద్ధగా వినవలసిన రెండవ మాట కూడ నున్నది. తమిళనాడు తీరమున కట్టుబాటుగల మత్స్యకారుల పల్లెలు సహాయమును త్వరగా రాబట్టుకొన్నవి. కాని ఆ కట్టుబాటులో చోటులేని దళితులు, వితంతువులు, ఇతరప్రాంతములనుండి వచ్చినవారు ఆ సహాయమునకు దూరమైరి. లోపలివారిని గట్టిగా కట్టిపట్టిన త్రాడే వెలుపలివారికి కంచె యయ్యెను.

మన ఊళ్ళయందును ఇది లేదనగలమా? మన సంఘములు బలహీనములుగా లేవు. ఒక్కొక్క కులమునకు కల్యాణమండపము కలదు, సేవాసమితి కలదు, వనభోజనములు కలవు, వాట్సాప్ గుంపు కలదు. లోపము వీని నడుమ దారి లేకపోవుటయందున్నది. కార్తికమాసమున ఎవరి వనభోజనము వారిదే. ఒక తోటలో వారు, ప్రక్కతోటలో వీరు. రెండు పందిళ్ళలోను వడ్డించునది అదే పనసపొట్టు కూర. నేను వనభోజనములకు విరోధిని కాను. ఏటికొక్కమారైనను ఆ రెండు విస్తళ్ళ వరుసలు ఒకటిగా పరచిన బాగుండునని మాత్రము మనసార కోరుచున్నాను.

1949 నవంబరు 25న రాజ్యాంగనిర్మాణసభలో చేసిన ప్రసంగమున అంబేద్కర్, స్వేచ్ఛాసమానత్వములు సౌభ్రాతృత్వము లేనిచో నిలువజాలవని, ఈ మూడింటిని విడదీయుట ప్రజాస్వామ్యమునకే చేటని వివరించెను. స్వేచ్ఛకు న్యాయస్థానములు కావలి కాయగలవు; సమానత్వమునకు చట్టములు చేయవచ్చును; సౌభ్రాతృత్వమునకు మాత్రము ఏ పోలీసును కావలి కాయలేడు. అది గట్టుమీది పొయ్యివద్ద, బడి వరండాలో, పెండ్లిపందిరిలో, శవమును మోయు భుజములయందు అలవడవలసినది. జిల్లాకు ఆయన పేరున్నది గనుక ఈ పని మొట్టమొదట చేయవలసినవారము మనమే.

2022లో అల్లరి జరిగిన పిమ్మట కొన్నాళ్ళు కోనసీమలో ఇంటర్నెట్ నిలిపివేయబడెను. ఇంటినుండి ఉద్యోగముచేయు యువతీయువకులు సిగ్నలు వెదకుకొనుచు పొరుగుప్రాంతములకు పోవలసివచ్చినది. బ్యాంకు పనులు, చదువులు కుంటుపడినవి. ఆ కష్టమును నేను తక్కువచేయను. కాని వదంతిని ఆపుటకు తీగలు కోయుట తప్ప వేరుదారి లేకపోయెనేయని విచారము కలుగుచున్నది. వేరుదారి యొక్కటే: ఒక వార్త విన్నపుడు ‘ఏమండీ, ఇది నిజమేనా?’ అని ఫోనుచేసి అడుగదగిన మనిషి ఆవలిపేటలో ఒక్కడైనను ప్రతివానికిని ఉండవలెను. అట్టి పరిచయము పోట్లాటనాడు పుట్టదు. అంతకు ముందే, ఏ అవసరమును లేనినాడు, ఏర్పరచుకొనవలెను.

కావున ఏటిగట్టున నివసించు ప్రతి గ్రామమువారికి నా విన్నపమిది. గోదావరికి పెద్దవరదలు సాధారణముగా జులై, ఆగస్టు మాసములలో వచ్చును. మే నెలలో, నీరు అడుగంటియున్నపుడే, ప్రతి యూర ముంపుసంఘ మొకటి కూర్చుడు. అందులో ప్రతి వీధినుండి, ప్రతి పేటనుండి మనిషి యుండవలెను, ఆడువారుండవలెను, పడవ నడుపుట తెలిసిన మత్స్యకారుడు తప్పక యుండవలెను. ఎవరి పడవ ఏ రేవున నుండునో, ఏ యింట మంచముపట్టిన వృద్ధులున్నారో, ఏ యింట చూలాలున్నదో, గట్టుమీద ఏ పేటవారి పశువులకు ఎచ్చట జాగాయో, నష్టము వ్రాయునపుడు ఎవరెవరు ఆ కాగితమును కలిసి చదివి సంతకము చేయవలెనో, అన్నియు ముందుగానే వ్రాసి పంచాయతీ గోడకు అంటింపుడు. ఆ మొదటి సమావేశము పేటలోనే పెట్టుడు. ఊరివారే నడచి పోవుడు.